పదో తరగతి తర్వాత ఆ పిల్ల ఏమైంది? ఏళ్ల తరబడి వెంటే ఉండే సర్వేలు

పదో తరగతిలో ఎంతమంది చేరారు, ఎంతమంది పాసయ్యారు అన్న లెక్కలు ప్రతి ఏడాదీ వస్తూనే ఉంటాయి. ఎనిమిదిలో బాగా చదివిన పిల్ల పదికి వచ్చేసరికి ఎందుకు మానేసింది, ఆ తర్వాత ఏం చేస్తోంది అన్నది మాత్రం వాటిలో దొరకదు. అది తెలియాలంటే అదే పిల్లను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కలవాలి. ఇలాంటి అధ్యయనాలనే దీర్ఘకాలిక అధ్యయనాలు అంటారు.

అమెరికాలో ప్రభుత్వమే ఈ పని చేసింది. 2009లో తొమ్మిదో తరగతి చదువుతున్న 20 వేల మందికి పైగా విద్యార్థులను ఎంచుకుని, 2012లో, మళ్లీ 2016లో పలకరించింది. మార్కుల రికార్డులు కూడా తీసుకుని, ఎవరు కాలేజీకి వెళ్లారో, ఎవరు పనిలో చేరారో చూసింది.

మన దగ్గర జరిగింది ఇంకా పెద్ద ప్రయాణం. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపే 'యంగ్ లైవ్స్' అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 3 వేల మంది పిల్లలతో మొదలైంది. వాళ్లలో 2 వేల మంది అప్పటికి ఏడాది అటూఇటూ పసివాళ్లు, వెయ్యి మంది ఎనిమిదేళ్ల వాళ్లు. ఇథియోపియా, పెరూ, వియత్నాంలలోనూ ఇదే పద్ధతి. 2006, 2009, 2013, 2016లలో సర్వే బృందాలు వాళ్లనే వెతుక్కుంటూ వెళ్లాయి. కరోనా రోజుల్లో ఫోన్‌లో మాట్లాడారు. పసివాళ్లు ఇప్పుడు ఇరవై దాటిన యువతీయువకులు.

అన్నిటికన్నా కష్టం వెతుక్కోవడమే. కుటుంబం పని కోసం ఊరు మారుతుంది, అమ్మాయి పెళ్లయి అత్తారింటికి వెళ్తుంది. దొరకనివాళ్లను వదిలేస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఎక్కువగా జారిపోయేది ఇబ్బందుల్లో ఉన్నవాళ్లే. అందుకే కొత్త అడ్రసులు, ఫోన్ నంబర్లు ఎప్పటికప్పుడు రాసుకుంటారు. లెక్కలు, చదవడం పరీక్షిస్తారు, ఎత్తు, బరువు కొలుస్తారు, ఇంటి పరిస్థితి అడుగుతారు. బిడ్డ ఎంతవరకు చదవాలని మీ ఆశ అని తల్లిదండ్రులనూ అడుగుతారు.

ఆ ఆశ ఊరికే అడిగిన ప్రశ్న కాదని తర్వాత తేలింది. పన్నెండేళ్ల వయసులో కూతురి చదువు మీద ఇంట్లో ఆశ తక్కువగా ఉన్నచోట ఆమెకు త్వరగా పెళ్లయ్యే అవకాశం ఎక్కువగా కనిపించింది. పదిహేనేళ్లకు బడిలోనే ఉన్న అమ్మాయిలకు 18 లోపు పెళ్లి కావడం బాగా తక్కువ. ఒకే ఇంట్లో కొడుకు ప్రైవేటు స్కూలుకు, కూతురు సర్కారు బడికి వెళ్లడం కూడా ఈ డేటాలో కనిపించింది. చాలా ఇళ్లకు తెలిసిన సంగతే, కాకపోతే ఇక్కడ లెక్కతో సహా ఉంది.

ఒక మాట గుర్తుంచుకోవాలి. ఇందులో పేద ప్రాంతాలకు ఎక్కువ చోటు ఇచ్చారు, కాబట్టి రాష్ట్రం మొత్తానికి ఇదే సగటు అనుకోకూడదు. ముస్లిం పిల్లల సంఖ్య తక్కువ, వాళ్ల గురించి విడిగా తీర్మానం చేయడం తొందరపాటే.

డేటా పరిశోధకులకు అందుబాటులో ఉంటుంది, కానీ పిల్లల పేర్లు, ఊళ్లు బయటపెట్టరు. సర్వేకు ఒప్పుకున్న కుటుంబం ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పనని అనొచ్చు, మధ్యలో మానుకోవచ్చు కూడా.