చీర బొంత నుంచి టీషర్టు బొంత దాకా

పాత బట్టలను పొరలుగా పరిచి, దగ్గర దగ్గరగా దారం వేసి కుట్టేది బొంత. తెలంగాణలోని భువనగిరి చుట్టుపక్కల పల్లెల్లో మొన్నమొన్నటి వరకు బొంత లేని ఇల్లు అరుదు. పరుచుకోవడానికి ఒకటి, కప్పుకోవడానికి ఒకటి, పసిబిడ్డ కింద వేయడానికి చిన్నది ఇంకొకటి ఉండేవి. గొంగడి ఎంత వెచ్చగా ఉన్నా ఒంటికి గరుకు. అందుకే బాలింతలకు, పిల్లలకు బొంతే పరిచేవారు.

ఈ నేలకు బొంత అంతగా అమరడానికి మగ్గం ఒక కారణం. పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక వంటి నేత ఊళ్లు భువనగిరి చుట్టే ఉన్నాయి. నూలు చీర ఉతికినకొద్దీ మెత్తబడుతుంది, చెమట పీలుస్తుంది. పడుగూ పేకా ఒకదాన్నొకటి పట్టి ఉంచడం వల్ల సాగిపోదు. పైగా చీర అంతా ఒకేసారి చివకదు. ఒరిపిడి పడే చోట చిరిగినా అంచులు గట్టిగానే ఉంటాయి. ఆ గట్టి భాగమే బొంతకు ఆస్తి.

పొలం పనులు తగ్గే ఎండాకాలంలో బొంతలు కుట్టేవారు. మంచి చీరలు రెండు ఏరి, ఒకటి అడుగుపొరకు, ఒకటి పైపొరకు ఉంచుతారు. చిరిగిన ధోవతులు, అంగీలు, లంగాలు విప్పదీసి ఆ రెండింటి మధ్య ముడతలు లేకుండా పరుస్తారు. మూలలు కదలకుండా బరువు పెట్టి, ముందు పెద్ద పెద్ద కుట్లతో పొరలను నిలబెట్టి, ఆ తర్వాత ముతక దారంతో వరుస కుట్టు వేస్తారు. వరసల మధ్య ఎడం తగ్గినకొద్దీ బొంత గట్టిది. ఎడం ఎక్కువైతే నాలుగు ఉతుకులకే లోపలి ముక్కలు ఒక మూలకు చేరి ఉండకడతాయి. పనితనమంతా ఈ ఎడంలోనే ఉంది. పైపొర చిరిగితే దాని మీదే మరో చీర వేసి మళ్లీ కుట్టేవారు కాబట్టి, ఒకే బొంతలో రెండు తరాల బట్టలు ఉండటం మామూలే.

అతుకుల బట్టకు చరిత్ర చాలా పాతది. బౌద్ధ భిక్షువులు పారేసిన గుడ్డలను ఏరి, కుట్టి ధరించేవారు. మగధ పొలాల గట్ల తీరును చూపి, చీవరాన్ని, అంటే భిక్షువు వస్త్రాన్ని, అలా ముక్కలుగా కుట్టమని బుద్ధుడు శిష్యుడు ఆనందుడికి చెప్పినట్లు వినయ పిటకంలో ఉంది. ఆ భిక్షువులు ఈ ప్రాంతంలోనూ ఉన్నారు: భువనగిరికి తూర్పున, నేటి సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి కొండ మీద క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో వారు నివసించారు. బొంతకు దేశమంతటా చుట్టాలున్నాయి: బెంగాల్ కాంథా, బిహార్ సుజనీ, మహారాష్ట్ర గోధడీ, ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ స్త్రీలు కుట్టే కవంది.

పాలియెస్టర్ చీరలు వచ్చాక బొంతకు ముడిసరుకే కరువైంది. ఆ బట్ట జారుతుంది, చెమట పీల్చదు. పానిపట్టులో పాత ఊలు బట్టలను పీచు చేసి నేసిన చవక రగ్గులు, ఆ వెనకే మిల్లు దుప్పట్లు పల్లెలకు చేరాయి. ఈలోగా ఇళ్లలో కొత్త రకం నూలు బట్ట పోగుపడింది. అదే టీషర్టు. కళాశాల ఉత్సవం, పరుగు పందెం, ఎన్నికల ప్రచారం, దేనికైనా ఒకటి పంచుతారు. ఒక నూలు టీషర్టు తయారీకి సుమారు 2,700 లీటర్ల నీరు ఖర్చవుతుందని ప్రపంచ వన్యప్రాణి నిధి అంచనా. మెట్ట ప్రాంతానికి ఆ లెక్క చిన్నదేమీ కాదు.

అమెరికాలో టీషర్టు బొంత జ్ఞాపకాల బట్టగా పేరు తెచ్చుకుంది. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో ఎయిడ్స్ మృతుల స్మారకంగా కుట్టిన 1,920 బొంత పలకలు పరిచారు. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున్న ఆ పలకల్లో పోయినవారి బట్టలు కూడా చేర్చి కుట్టారు.

టీషర్టును చీరలా కుట్టబోతే మాత్రం పని చెడుతుంది. అది నేత బట్ట కాదు, దారపు ఉచ్చులు అల్లిన బట్ట. కత్తెర పడగానే అంచు చుట్టుకుంటుంది, లాగితే సాగుతుంది. కాబట్టి ఉతికి ఆరబెట్టాక, బొమ్మ ఉన్న భాగాన్ని కొంచెం పెద్దగా కత్తిరించి, వెనక వైపు పలుచని ఫ్యూజింగ్ బట్టను ఇస్త్రీతో అంటించాలి. ఆ తర్వాతే చదరాన్ని సరి చేయాలి. రబ్బరు అచ్చు మీద ఇస్త్రీపెట్టె నేరుగా పెడితే కరిగి అంటుకుంటుంది. మొన కాస్త గుండ్రంగా ఉండే సూది వాడితే ఉచ్చులు తెగవు. కుట్లకు పోను 14 అంగుళాల చదరాలు ఇరవై ఉంటే, నాలుగు నిలువు వరసలకు ఐదు చొప్పున 56 అంగుళాల వెడల్పు, 70 అంగుళాల పొడవు వస్తుంది. లోపలి పొరకు, అడుగుకు పాత నూలు చీరను మించింది లేదు. సాగే బట్టను సాగని బట్ట పట్టి ఉంచుతుంది.

బెంగాల్ నక్షీ కాంథాకు, బిహార్ సుజనీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. తెలంగాణలో పోచంపల్లి ఇక్కత్‌కు, పుట్టపాక తేలియా రుమాలుకు దక్కింది. బొంతకు దక్కలేదు. అరిగిపోయేదాకా వాడేది కావడంతో పాత బొంతలు మిగలడమే అరుదు. ఇంట్లో బొంత ఉన్నవారు దాన్ని కుట్టినవారి పేరు, ఊరు, ఏడాది ఒక గుడ్డముక్క మీద రాసి, మూలన కుట్టి దాచాలి.