యానాము ఎల్ల – చిన్న వర్తకుని పన్నులు

గౌతమీ తీరమున, ఆంధ్రదేశపు గ్రామముల నడుమ, సుమారు 30 చదరపు కిలోమీటర్ల వైశాల్యముగల యానాము వెలసియున్నది. అచటి జనుల నుడి తెలుగు. బంధుత్వములు, పెండ్లిపేరంటములు, సంతబేరములు ఎల్ల దాటియే సాగుచున్నవి. అయినను వర్తకునికి మాత్రము ఆ ఎల్ల ఎన్నడును చెరగలేదు. ప్రభుత్వములు మారినపుడెల్ల దాని పేరు మాత్రమే మారినది.

ఫ్రెంచివారు 1723లో నిచట వర్తకస్థానము నెలకొల్పిరి. ఆంగ్లేయులతోడి యుద్ధములలో అది పలుమారులు చేతులు మారి, 1814 నాటి పారిస్ సంధి ననుసరించి తిరిగి ఫ్రెంచివారికి దక్కినది. అటుపిమ్మట ఒకే భాష, ఒకే యేరు గల సీమలో రెండు ప్రభుత్వముల పన్నులు పక్కపక్కనే నడచినవి. ఎల్ల కావల మద్రాసు రాజధానిలో మగ్గముపైనను, దుకాణముపైనను, చేతివృత్తిపైనను మొహతర్ఫా యను పన్ను పందొమ్మిదవ శతాబ్ది నడిమి వరకు వసూలగుచుండెను. ఫ్రెంచి సీమలనుండి వచ్చు సరకు ఆంగ్ల ప్రభుత్వమునకు పరదేశపు సరకే. 1941లో ఉభయ ప్రభుత్వములు సుంకముల విషయమున ఒడంబడిక చేసికొన్నను, అది 1949లో ముగిసినది.

యానాము 1954లో ఫ్రెంచి పాలననుండి విముక్తి చెందెను. 1962 ఆగష్టు 16న ఆ సంక్రమణము న్యాయసమ్మతమయ్యెను. ఆ సంవత్సరముననే రాజ్యాంగపు 14వ సవరణచే అది పుదుచ్చేరి, కారైక్కాల్, మాహేలతో కూడి కేంద్రపాలిత ప్రాంతమైనది. పరదేశపు ఎల్ల పోయి, రాష్ట్రపు ఎల్ల వచ్చినది.

2017 జూలై 1న వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చెను. దేశమంతయు నొకే అంగడి యగుట దాని యాశయము. అయితే ఆ చట్టపు 24వ సెక్షను ప్రకారము, పన్ను వర్తించు సరకును ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు అమ్మువాడు, అమ్మకము లెంత స్వల్పమైనను, నమోదు చేసికొనవలయును. విజయవాడ వర్తకుడు శ్రీకాకుళము మొదలు చిత్తూరు వరకు సరకు పంపినను రాష్ట్రము దాటడు. యానాము వర్తకుడు పొరుగూరికి పంపినను దాటినవాడే.

ఇంట ఆవకాయ పెట్టి అంతర్జాలము ద్వారా అమ్మదలచిన గృహిణి నుదాహరణముగా గైకొనవచ్చును. 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు ఆమెకు మొదటి మెట్టు; అది దేశమంతట నొక్కటే. పన్ను చెంతకు వచ్చుసరికి చిక్కు మొదలగును. 800 కిలోమీటర్లకు పైబడిన పుదుచ్చేరికి జాడీ పంపినచో అది స్వప్రాంతపు అమ్మకము. సుమారు 30 కిలోమీటర్ల దూరమందలి కాకినాడకు పంపినచో అంతర్రాష్ట్ర విక్రయము. ఆ కాకినాడవాసియే యానాము వచ్చి, సొమ్ము చెల్లించి, జాడీ చేతబట్టుకొని పోయినచో సామాన్యముగా ఈ చిక్కు లేదు. కొట్టులోని బేరమునకు అడ్డురాని ఎల్ల, అంతర్జాలపు బేరమునకు అడ్డువచ్చుచున్నది.

తరువాతి సడలింపులును ఈ యెల్లను తొలగింపలేదు. 2019 ఏప్రిల్ 1నుండి ఆంధ్రప్రదేశమున సరకుల వర్తకునికి నమోదు పరిమితి 40 లక్షల రూపాయలకు పెరుగగా, పుదుచ్చేరి 20 లక్షల యొద్దనే నిలిచినది. 2023 అక్టోబరు 1నుండి అంతర్జాలపు అంగళ్ల ద్వారా అమ్ము చిన్న వర్తకులకు నమోదు మినహాయింపబడినది. కాని అంతర్రాష్ట్ర విక్రయము చేయరాదని అందు నియమము కలదు. సరళమగు కాంపొజిషన్ పద్ధతియు అట్టి వర్తకునికి లభింపదు.

నమోదునకు రుసుము లేదు. భారమంతయు లెక్కలు వ్రాయుటలోను, గడువు తప్పక పత్రములు దాఖలు చేయుటలోను కలదు. పెద్ద వర్తకుడు గుమాస్తాను నియమించుకొనును. ఆవకాయ పెట్టు గృహిణికి ఆ వ్యయమే లాభమును మ్రింగివేయును.

చేతివృత్తులవారి కొన్ని వస్తువులకు 2017 సెప్టెంబరుననే అంతర్రాష్ట్ర విక్రయమందును పరిమితికి లోబడి నమోదు మినహాయింపు ఈయబడినది. కావున ఎల్ల నుంచియే చిన్నవారిని విడిచిపెట్టుట అసాధ్యము కాదు. సుంకపు చౌకీ కనుపించినంతకాలము వర్తకు డేది దాటుచున్నాడో ఎరిగియుండెను. నేటి ఎల్ల కంటికి కనుపింపదు. యానాములో అంతర్జాల వర్తకము పెట్టదలచినవారు మొదట దానిని గుర్తెరుగుట మేలు.