ఉర్లగడ్డ వచ్చిన దారి

మన కందనవోలు, కడప సీమలలో జొన్నరొట్టె ప్రక్కన ఉర్లగడ్డకూర నేడు వింత కాదు. పెండ్లివిందు మొదలు పూటకూటింటి విస్తరి వఱకు అది లేని పంక్తి అరుదు. ఇంతగా మన యింటిదైన వస్తువు అనాదిగా మనదే యని తోచుట సహజము. కాని కాలగణనము చేసి చూడుడు. కడపసీమలోని తాళ్లపాకయందు జన్మించిన అన్నమాచార్యులవారు 1503లో పరమపదించిరి. శ్రీకృష్ణదేవరాయలవారు 1529లో గతించిరి. స్పెయిను దేశపు దండు దక్షిణ అమెరికాలోని పెరూ రాజ్యమున అడుగిడినది 1532లో. ఉర్లగడ్డకు పుట్టినిల్లు ఆ పెరూ ప్రాంతపు ఆండీసు పర్వతములే. కావున రాయలవారి భోజనపంక్తిలో ఈ గడ్డ లేదనుట నిస్సంశయము. అంతియే కాదు, మన సీమ కారమునకు పేరుపడినదందుమే, ఆ మిరపకాయయు ఆ ఖండమునుండి వచ్చినదే. మనము బుడ్డలనియు శెనక్కాయలనియు పిలుచు వేరుశనగయు అట్టిదే. నేటికిని పెక్కిండ్లలో పితృకార్యమునకు మిరపకాయను మాని మిరియములనే వాడుటలో పూర్వపు వంటయొక్క జ్ఞాపకము నిలిచియున్నది.

ఈ గడ్డ మన దేశమునకు ఎట్లు వచ్చెను? శాసనములు వెదకనక్కరలేదు, దాని పేళ్లే దారి చెప్పుచున్నవి. మహారాష్ట్రులు దీనిని బటాటా యందురు. అది పోర్చుగీసువారి మాట. పడమటి తీరమున ఓడలు దిగిన ఆ జాతి వెంట ఈ వస్తువు వచ్చినదనుటకు ఆ పేరే సాక్షి. కోస్తా జిల్లాలవారు బంగాళాదుంప యందురు. వంగదేశమునుండి తమకు చేరినదని ఆ పేరు పలుకుచున్నది. తెలంగాణమువారు ఆలుగడ్డ యందురు. ఆలు వనునది ఉత్తరదేశపు వాడుక. ఆలుక మను సంస్కృతపదము మిక్కిలి ప్రాచీనమే కాని, అది పూర్వము వేఱు దుంపలను తెలిపెడిది. క్రొత్త దుంపకు పాత పేరు సంక్రమించినది. ఇక మన ఉర్లగడ్డ అరవవారి ఉరుళైక్కిళంగునకు చుట్టము. ఉరుళు అనగా దొరలుట. దొరలునట్టి గుండ్రని గడ్డ యని భావము. కోయంబత్తూరు కలెక్టరుగా నుండిన జాన్ సల్లివన్ దొర 1820 ప్రాంతమున నీలగిరులయందు సీమకూరగాయలతోపాటు దీనిని పండింపజేసెను. మనకు ఈ మాట దక్షిణమునుండి వచ్చినదనిన, వస్తువును ఆ దిక్కునుండియే వచ్చియుండునని యూహింపవచ్చును.

ఇప్పుడు యవనదేశమునకు, అనగా గ్రీసునకు, పోవుదము. అచటి గృహిణులు ఈ గడ్డను నూనెలో దేవుటయే కాక పొయ్యిలోను కాల్తురు. ఆ వంట నేడు లోకమంతట పేరుగాంచినది. అయినను ఆ గడ్డ వారికిని క్రొత్తదే. తురుష్కుల యేలుబడినుండి విడివడిన గ్రీసునకు 1828లో ప్రథమ పాలకుడుగా వచ్చిన కపోదీస్త్రియాస్, యుద్ధముచే చితికి ఆకలిగొన్న జనులకు దీనిని అలవాటు చేయనెంచెను. జనులు ముట్టరైరి. అంతట నాతడు గడ్డలను రాశిగా పోయించి చుట్టును కావలివారిని పెట్టించెనట. ఇంత కావలియున్న వస్తువు విలువగలదై యుండునని తలచి జనులు రాత్రులందు దొంగిలింపసాగిరట. కావలివారు చూచియు చూడనట్లుండిరట. ఇట్టి కథనే ఫ్రాంసులో పార్మంత్యే యను పండితుని గూర్చియు చెప్పుదురు. ఒకే కథ యిద్దరియందు వినబడుచున్నది గాన దీనిని చరిత్ర యనుటకంటె ఐతిహ్య మనుట మేలు. కపోదీస్త్రియాస్ 1831లో నాఫ్లియో పట్టణమున హతుడయ్యెను. ఆయన యలవాటు చేసిన గడ్డ మాత్రము నిలిచినది.

జనుల శంక నిష్కారణమైనది కాదు. ఉర్లగడ్డ వంకాయకు, మిరపకు, కామంచికి, ఉమ్మెత్తకు ఒకే కుటుంబములోనిది. దాని ఆకులును కాయలును విషమే. ఎండ తగిలి పచ్చబడిన గడ్డయు, మొలకలెత్తిన గడ్డయు హాని చేయును. అట్టివానిని పారవేయుటయే క్షేమము.

గ్రీసుపల్లెలలో ప్రతి యింట పెద్దపొయ్యి యుండెడిది కాదు. ఆదివారమున ఇల్లాండ్రు పళ్లెరములలో వంట సిద్ధపఱచి రొట్టెలు కాల్చువాని భట్టీకి పంపి, కాలిన పిదప తెప్పించుకొనెడివారు. మనకు ఈ విద్య తెలియనిదా? గెనుసుగడ్డను పొయ్యి కుమ్ములో పూడ్చి కాల్చి తినుట మన పల్లెలలో పసిపిల్లలకును తెలియును. నలువైపులనుండి సమముగా తగులు వేడిచే గడ్డ తన నీటితోనే తాను ఉడుకుట రెంటను సమానమే. పద్ధతి పాతది, గడ్డయే క్రొత్తది.

ఇంట చేయగోరువారికి ఆ విధానము చెప్పెదను. కిలో గడ్డలు తొక్క తీసి వ్రేలిమందమున నిలువుగా చీల్చి, చల్లని నీట అరగంట నానవేయవలెను; పైనంటిన పిండి పోవును. పిమ్మట గుడ్డతో తడి లేకుండ ఒత్తవలెను; తడి యున్నచో గడ్డ ఉడుకునే కాని కరకరలాడదు. నాలుగైదు చెంచాల నూనె, ఉప్పు, నలుగగొట్టిన తెల్లగడ్డ కలిపి, ముక్కపై ముక్క పడకుండ పళ్లెరమున పఱచి, ముందుగా కాచిన విద్యుత్పొయ్యిలో 200 మొదలు 220 డిగ్రీల వేడిని ముప్పావుగంట యుంచి, నడుమ నొకసారి త్రిప్పవలెను. యవనులు నిమ్మరసము తప్పక చేర్తురు. కాని పులుసు గడ్డను త్వరగా మెత్తబడనీయదు గనుక దానిని చివరి పావుగంటలో చల్లుట మంచిది. వారు ఓలివనూనెయు, ఒరేగానో యను ఆకును వాడుదురు. మనకు శెనగనూనె చాలును. ఆ యాకునందలి ఘాటైన సారము వామునందును కలదు గాన చిటికెడు వాము నలిపి వేసిన సరిపోవును. విద్యుత్పొయ్యి లేనివారు మందమైన ఇనుపపాత్రలో గడ్డలు పఱచి, క్రింద సన్నని సెగయు, మూతపై నిప్పులును ఉంచి కాల్పవచ్చును.

ఇంతవఱకు రుచి మాట. ఇక ప్రాణముల మాట వినుడు. ఐర్లండు దేశపు పేదలు తక్కిన పంటలు భూస్వాముల శిస్తుకు పోగా తమ బ్రతుకంతయు ఈ యొక్క గడ్డపైననే నిలిపియుండిరి. 1845లో దానికి తెగులు తగిలెను. కొలదియేండ్లలో పది లక్షలమంది మరణించిరి. అంతకు మించినవారు దేశము విడిచిరి. ఆ కాలముననే ఆ దేశమునుండి ధాన్యము ఓడలలో ఎగుమతి యగుచుండెను.

ఆ కథ మనకు పరాయిది కాదు. 1876లో ధాత సంవత్సరమున మన సీమకు వానలు తప్పెను. చెన్నపట్టణమునుండి కడపమీదుగా రాయచూరునకు పోవు రైలుదారి 1871 నాటికే పూర్తియైయుండెను. దారి యున్నను పేదకు ధర అందలేదు. ఆ యేండ్లలోను హిందూదేశమునుండి ధాన్యము విదేశములకు పోవుచునేయుండెను. 1877లో సర్ రిచర్డు టెంపుల్ దొర కఱవుపనివాని కూలిని ఒక పౌను ధాన్యమునకు, పైన స్వల్పపైకమునకు తగ్గించెను. పౌను అనగా నేటి 450 గ్రాములు. ఆ తిండితో దేహము నిలువదని చెన్నపట్టణపు ఆరోగ్యాధికారి కార్నిష్ దొర వాదించెను. 1871, 1881 సంవత్సరముల జనాభా లెక్కలు సరిపోల్చినచో కర్నూలు జిల్లాలో ఇంచుమించు నాలుగవవంతు జనము తగ్గినట్లు కానవచ్చును. ధాత కఱవను మాట ఊరక పుట్టలేదు.

అచట గడ్డ చెడెను, ఇచట వాన చెడెను. చంపినది తెగులును అనావృష్టియు మాత్రమే కాదు. రెండవదారి లేకుండుటయు, ఉన్న ధాన్యము ఆకలిగొన్నవానికి అందకుండుటయు చంపినవి. మన పూర్వులు ఒకే చేనిలో కొఱ్ఱ, కంది, ఆముదము కలిపి విత్తుటలోని మర్మమిదియే: ఒకటి పోయిన నొకటి దక్కును. ఇరువదవ శతాబ్దమున మన మెట్టసీమ వేరుశనగను నమ్ముకొని కొఱ్ఱను, సజ్జను, ఆరికెను వెనుకకు నెట్టినది. రొక్కము చేతికి వచ్చినమాట నిజము. వాన తప్పిన యేట అప్పు మిగిలినమాటయు నిజమే.

ఐక్యరాజ్యసమితి 2008వ సంవత్సరమును ఉర్లగడ్డకును, 2023వ సంవత్సరమును చిరుధాన్యములకును అంకితము చేసినది. లోకము రెంటిని గౌరవించినది. మనము ఒకదానికొఱకు మఱియొకదానిని విడువనేల? రాత్రులు చల్లగా నున్నగాని ఉర్లగడ్డ చక్కగా ఊరదు. మన మెట్టకు అది అంతగా తగినది కాదు, అంగడిలో కొనవలసినదే. కొఱ్ఱ అట్లు కాదు, మన వానకు మన మన్నున పండును.

కావున పెద్దలారా, మనుమలు కాల్చిన ఉర్లగడ్డ కోరినచో పరదేశపు తిండి యని గసరవలదు. అట్లయిన మిరపకాయను సైతము వెలివేయవలసివచ్చును. ముచ్చటగా చేయించి పెట్టుడు. దానితోపాటు కొఱ్ఱన్నము రుచియు వారికి చూపుడు; చేనిలో నాలుగుసాళ్లు కొఱ్ఱకు విడిచి, విత్తనము కుండలో దాచుడు. వచ్చిన అతిథిని ఆదరించుటయు, ఇంటివారిని పస్తుంచకుండుటయు గృహస్థునకు రెండును ధర్మములే.