మిషనుపై బొంత కుట్టు

పాత నూలు చీరలను పొరలుగా పరచి కలిపి కుట్టిన కప్పుకొనే వస్త్రమే బొంత. కొరాపుట్ కొండల చలికాలానికి ఇది మంచి ఆదరువు.

సాధారణ కుట్టులో సూది కింది పళ్లు గుడ్డను ముందుకు నడుపుతాయి. స్వేచ్ఛా కుట్టులో ఆ పళ్లను దించి, గుడ్డను చేతులతోనే కోరిన వైపునకు జరుపుతారు. పళ్లు దిగని పాత మిషనులో కుట్టు పొడవును సున్నాకు తగ్గించాలి. స్ప్రింగు పాదాన్ని బిగించి, పాదపు మీటను తప్పక దించాలి. లేనిచో బిగువు తప్పి అడుగున దారం చిక్కుపడుతుంది.

తొలుత చిన్న ముక్కలపై తీగలు, సుడులు అభ్యసించాలి. చేతులు తొందరపడితే కుట్లు సాగి, సూది విరగవచ్చు. కాళ్లు తొందరపడితే కుట్లు ఒకేచోట ముద్దకడతాయి. ఈ రెండింటి పొందికే అసలు విద్య. పొరలను పిన్నులతో బిగించి, నడుమనుండి అంచులకు కుట్టుకొంటూ పోతే ముడతలు పడవు. పిన్నులను సూది చేరకముందే తీయాలి. వేళ్లను సూదికి దూరంగా ఉంచాలి.

రాయగడ జిల్లా నియమగిరిలో డొంగ్రియా కంధ మహిళలు చేతిసూదితో కుట్టే కపడగండా శాలువాకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. దాని విలువ చేతిపనిలోనే ఉంది. కనుక మిషను కుట్టును ఆ పేరుతో అమ్మరాదు. మన బొంతను బొంతగానే అమ్ముకొనుట న్యాయం.