చలి పండించిన నేల

జహీరాబాద్ గతాన్ని చాలావరకు కరువు కథగానే చెప్పుకుంటాం. బోర్లు రాకముందు వానే దిక్కైన మెట్టనేల, వేసవిలో నలభై రెండు డిగ్రీలు దాటే ఎండ, పాత మెదక్ జిల్లాలో కర్ణాటక సరిహద్దున ఓ మూల. ఇవన్నీ నిజాలే. కానీ ఈ నేల సేద్యాన్ని ఎండ కన్నా చలే ఎక్కువగా తీర్చిదిద్దిందని నా వాదన. పట్టణం సముద్రమట్టానికి ఆరువందల మీటర్లకు పైన ఉంది. వానలు వెనక్కి తగ్గాక ఆకాశం తేటపడుతుంది, గాలి పొడిబారుతుంది, పగలు నేల దాచుకున్న వేడి రాత్రికి పైకి పోతుంది. అందుకే తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్లలో పక్కనున్న కోహీర్ పేరు తరచూ వినబడుతుంది. కొన్ని తెల్లవారుజాముల్లో అక్కడ ఐదారు డిగ్రీలే ఉంటుంది.

ఆ చలిని ఇక్కడి రైతులు భరించి ఊరుకోలేదు, దాన్ని నమ్మి విత్తారు. వానాకాలం చివర్లో తెల్లజొన్న, ఆ తర్వాత శనగ, కుసుమ, అవిసె వేస్తే తర్వాత చినుకు పడకపోయినా, తడి పెట్టకపోయినా మంచుతోనే పండుతాయని ఇక్కడి దళిత మహిళా రైతులు చెబుతారు. వీటిని వాళ్లు సత్యం పంటలంటారు. మంచుకు అంత శక్తి ఎక్కడిది, నల్లరేగడి దాచుకున్న తడే కదా ఆ పంటల్ని బతికించేదని ఎవరైనా అడగవచ్చు. ఆ అభ్యంతరంలో చాలా నిజముంది. వేళ్లకు అందేది ప్రధానంగా నేలలోని తడే. అయితే అది మాఘమాసం దాకా నిలవాలంటే ఆవిరైపోకూడదు, మొక్క దాహం తక్కువగా ఉండాలి. ఆ రెండింటినీ చూసుకునేది చలే. మంచు పడే రాత్రంటే తడి మిగిలే రాత్రి కూడా. కాబట్టి ఆ మహిళలు గమనించిన సంబంధం సరైనదే.

ఐదు డిగ్రీలు కూడా ఒక చలేనా అన్నది మరో ప్రశ్న. 2019 జనవరి 30న షికాగోలో ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీల కిందికి పోయింది. అంతకు ఆరు రోజుల ముందే, జనవరి 24న, ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 46.6 డిగ్రీల ఎండ కాసింది. తెలుగు కుటుంబాలు రెండుచోట్లా ఉన్నాయి. ఒకే నెలలో ఒక ఇంట్లో హీటరు, మరో ఇంట్లో ఏసీ ఆగకుండా నడిచాయి. భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లోనే. అయినా మనకు అప్పుడు చలికాలం, దక్షిణార్ధగోళానికి ఎండాకాలం. కారణం దూరం కాదు, ఇరవై మూడున్నర డిగ్రీల భూమి వంపు. ఆ అంకెల పక్కన కోహీర్ చలి చిన్నదే. కానీ పైరుకు కావలసింది రికార్డు కాదు, తనకు సరిపడే చల్లదనం. శనగ పూతకు ముప్పై అయిదు డిగ్రీలు దాటితే కాయ నిలవదు. దక్షిణార్ధగోళపు ఆండీస్ కొండల్లో పుట్టిన ఆలుగడ్డ చల్లని రాత్రుల్లోనే బాగా గడ్డ కడుతుంది. జహీరాబాద్‌లో దాన్ని చలికాలపు పంటగా వేసేది అందుకే.

ఈ లెక్క పండుగలోనూ ఉంది. మార్గశిరం చివర వచ్చే ఎల్ల అమావాస్య నాడు సరిహద్దు ఊళ్ల రైతులు ఇంటిల్లిపాదీ చేలోకి పోయి, నిలిచి ఉన్న జొన్న, శనగ పైర్ల మధ్య పూజ చేసి అక్కడే భోంచేస్తారు. వానాకాలపు పంట ఇల్లు చేరాక, యాసంగి పంట ఇంకా చేలో ఉండగా వచ్చే పండుగ ఇది. అయితే ఈ చలిపంటలు తర్వాత వెనకబడ్డాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇచ్చింది. పేదల ఆకలి తీర్చిన ఆ పథకాన్ని తప్పుపట్టలేం. కానీ జొన్నరొట్టె విలువ మాత్రం పడిపోయింది. బోర్లు, చెరకు మిగతా పని చేశాయి. ఆ ఏడాదే మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపూర్ కేంద్రంగా మహిళా సంఘాలతో పాత విత్తనాలను తిరిగి చేలకు తెచ్చింది. సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరిగేవి ఆ విత్తనాలే. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

శనగ ఆస్ట్రేలియా నుంచి కూడా వస్తుంది కదా, ఇక్కడి చలి తగ్గితే నష్టమేమిటనే వాదన మిగిలింది. మన రోళ్లు పగిలే మే, జూన్ ఎండల్లో అక్కడ చలి మొదలై శనగ విత్తుతారు, ఏడాది చివరికి కోస్తారు. ఆ పంటను కొనే పెద్ద దేశాల్లో మనదీ ఒకటి. కానీ 2018లో మన ప్రభుత్వం శనగ దిగుమతి సుంకాన్ని అరవై శాతానికి పెంచింది, 2024 మేలో ఎత్తేసింది. ఆ దారి ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో ఇక్కడి రైతు చేతిలో లేదు. పైగా ఓడలో గింజలే వస్తాయి. ఎడ్లకు జొన్నచొప్ప, ఒకే చేలో కలిపి వేసే అవిసె, కుసుమ, మరుసటి ఏటికి దాచుకునే విత్తనం కోహీర్, ఝరాసంగం, న్యాల్‌కల్ చేలల్లోనే పండాలి. అందుకు పుష్యమాసపు రాత్రులు చల్లగా ఉండాలి.