గుంటూరు గ్రహణం, షార్ ప్రదర్శన

1868 ఆగస్టు 18 ఉదయం గుంటూరులో పట్టపగలు ఐదు నిమిషాలకు పైగా చీకటి కమ్మింది. సంపూర్ణ సూర్యగ్రహణం. పట్టు స్నానం, విడుపు స్నానం, ఊరగాయ జాడీల మీద దర్భలు మన ఇళ్లలో గ్రహణం నాటి ఆనవాయితీ. ఆ పూట అదే ఊళ్లో జూల్ లెఫోషర్ అనే ఫ్రెంచి వ్యాపారి ఇంట, పారిస్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ సూర్యుడి వెలుగును పట్టకంతో విడదీసి చూస్తున్నాడు. బ్రిటిష్ సైనికాధికారి టెనెంట్ బృందమూ గుంటూరులోనే దిగింది. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు.

చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా మూసేశాక అంచుల దగ్గర ఎర్రటి జ్వాలలు బయటపడ్డాయి. వాటి వెలుగు పట్టకంలోంచి వచ్చేసరికి ఇంద్రధనుస్సులా పరుచుకోలేదు, విడివిడిగా మెరిసే గీతలైంది. అంటే ఆ జ్వాలలు వేడికి వెలిగే వాయువు, అందులో ముఖ్యంగా హైడ్రోజన్. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా ఇవి కనబడాలి కదా అని జాన్సెన్‌కు అప్పుడే తట్టింది. మర్నాడు పొద్దున్నే పరికరంలోని సన్నని చీలికను సూర్యుడి అంచుకు గురిపెట్టాడు. ఆకాశపు వెలుతురు ఏడు రంగులుగా పలచబడిపోయింది. జ్వాలల గీతలు మాత్రం పలచబడకుండా అలాగే నిలిచాయి. అంతవరకూ గ్రహణం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి, సముద్రాలు దాటి వెళ్తే తప్ప దొరకని దృశ్యం ఇక రోజూ చూడొచ్చు. గుంటూరు లోకానికిచ్చింది ఆ పద్ధతి.

హీలియంను జాన్సెన్ గుంటూరులోనే కనిపెట్టాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. అది పూర్తి నిజం కాదు. గ్రహణంలో హీలియం పసుపు గీతను చూసినవాళ్లు చాలామందే ఉన్నారు, కానీ సోడియం గీత అనుకున్నారు. అది సోడియం గీత చోట సరిగ్గా కుదరడం లేదని గమనించినవాడు మచిలీపట్నంలోని పాగ్సన్. అక్టోబరు 20న ఇంగ్లండులో నార్మన్ లాకియర్, జాన్సెన్ సంగతి తెలియకుండానే, అదే పద్ధతి కనిపెట్టాడు. పసుపు గీత కొత్త మూలకానిదని తేల్చి హీలియం అని పేరు పెట్టినవాడూ ఆయనే. 1895లో విలియం రామ్సే దాన్ని భూమ్మీద ఖనిజంలో పట్టుకున్నాడు. సగం నిజం కన్నా ఈ పూర్తి కథే మనకు ఎక్కువ గౌరవం. ఒక పసుపు గీత వెనక గుంటూరు, బందరు, లండన్ మూడూ ఉన్నాయి.

జాన్సెన్, లాకియర్‌ల ఉత్తరాలు పారిస్ అకాడమీకి ఒకే రోజు, అక్టోబరు 26న చేరాయి. ఇద్దరి బొమ్మలతో ఫ్రాన్స్ పతకం ముద్రించింది. గ్రహణం కనబడిన ఊరికి ఆ సంగతి దాని భాషలో చెప్పాల్సిన బాధ్యత మాత్రం ఎవరిదీ కాలేదు. ఆకాశపు సంగతులు మన భాషల్లో చెప్పే పని తర్వాత తలకెత్తుకున్నవాడు మద్రాసు వేధశాలలో పాగ్సన్ సహాయకుడు చింతామణి రఘునాథాచార్యులు. 1868 గ్రహణాన్ని ఆయన వనపర్తి నుంచి పరిశీలించాడు. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటబోతున్నాడని ముందుగానే పుస్తకం రాసి, ఇంగ్లిషుతో ఆగకుండా దేశభాషల్లోకీ తెచ్చాడు. ఆకాశాన్ని కొలిచిన చేతులే దాన్ని జనానికి వివరించాయి. మన దేశంలో సైన్సు ప్రచారానికి ఇంతకన్నా మంచి ఆరంభం నాకు తెలియదు.

ఆ మద్రాసు వేధశాల వారసత్వమే కొడైకెనాల్ మీదుగా బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థకు చేరింది. ఆ సంస్థ తయారుచేసిన కరోనాగ్రాఫ్ 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 వ్యోమనౌకలో ఎగిరింది. సూర్యబింబాన్ని పరికరం లోపలే మూసి, గ్రహణం లేకుండానే సూర్యుడి చుట్టూ ఉన్న కరోనా పొరను చూడటం దాని పని. గుంటూరులో జాన్సెన్‌కు తట్టిన ఆలోచనకు ఇది తోబుట్టువు.

శ్రీహరికోటలోని ఆ అంతరిక్ష కేంద్రం షార్ జనానికి తలుపులు తీసింది. 2019 ఏప్రిల్ 1న పీఎస్‌ఎల్‌వీ-సీ45 ప్రయోగం నాటి నుంచి మామూలు జనం గ్యాలరీలో కూర్చుని చూస్తున్నారు. ఏటా అక్టోబరు 4 నుంచి 10 వరకు అంతరిక్ష వారోత్సవాల పేరుతో షార్ శాస్త్రవేత్తలు జిల్లాలకు వచ్చి రాకెట్ నమూనాలు చూపిస్తారు. గుంటూరు, ప్రకాశం బడులకు వచ్చినప్పుడు ఆ నమూనాల పక్కన ఒక పట్టకం, సన్నని చీలిక ఉన్న అట్టపెట్టె కూడా పెట్టాలి. పత్తి చేలకు, మిరప కల్లాలకు వెళ్లే ఇళ్ల పిల్లలు ఆ చీలికను పాత రకం ట్యూబులైటు వైపు తిప్పి, పట్టకంలోంచి గీతలు తామే చూసి, జాన్సెన్ ఏం చేశాడో ఇంటికెళ్లి అమ్మానాన్నలకు తెలుగులో చెప్పగలగాలి.