తెర అంచున ఉన్న విద్య

ఎ.ఎస్. రావు గారి సారథ్యంలో 1967లో హైదరాబాదులో మొదలైన ఈసీఐఎల్ టీవీలు కూడా తయారుచేసింది. ఆ బ్లాక్ అండ్ వైట్ పిక్చర్ ట్యూబులో వరసలన్నీ గీసేది ఒక్క ఎలక్ట్రాన్ పుంజమే.

పలచటి తెరల్లో ఆ పుంజం లేదు. ఫుల్ హెచ్‌డీ టీవీలో 1080 వరసల్నీ వంతులవారీగా మేల్కొలపాలి. బిందెలు చేతులు మార్చినట్టు పల్స్‌ని పక్క వరసకి అందించే షిఫ్ట్ రిజిస్టర్ పని అదే. మొదట్లో దీనికి విడి చిప్పులు వాడేవారు. 1979లో డండీ యూనివర్సిటీ వాళ్ళు అమార్ఫస్ సిలికాన్ ట్రాన్సిస్టర్ చేసి చూపించాక, పోనుపోను సర్క్యూటు గాజు మీదకే ఎక్కింది.

చిక్కల్లా ఏంటంటే, వంతు రాని వరసని ఆపి ఉంచే ట్రాన్సిస్టర్లు ఎప్పుడూ వోల్టేజీ కిందే ఉండి అలిసిపోతాయి. అందుకే రెండు జట్లు పెట్టి, ఒకదాని తర్వాత ఒకదానికి విశ్రాంతి ఇస్తారు. ప్యానెల్ తలకిందులుగా బిగించినా బొమ్మ నిటారుగా రావాలంటే పల్స్ రెండువైపులా నడవాలి. దానికి ట్రాన్సిస్టర్లు పెంచితే అంచు లావవుతుంది. ఆ తూకమే డిజైనరు పనితనం.

2022లో ఎలెస్ట్ కంపెనీ 24,000 కోట్లతో తెలంగాణలో అమోలెడ్ తెరల ఫ్యాక్టరీకి ఒప్పందం రాసుకుంది. ఒప్పందాలతో తెరలు వెలగవు కదా! నల్లగండ్లలో తెరల కోసం కోడు రాసేవాళ్ళం బోలెడుమందిమి. పిల్లల కోడింగ్ క్లాసుల మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు ఈ విద్య మీద పెడితే, రాసేవాళ్ళతోపాటు తెర చేసేవాళ్ళూ ఇక్కడే తయారవుతారు.